ఇరవై ఒక్క గీతలు

కణేకల్లు మడికట్ల నుంచి
ట్రాక్టరు గడ్డి దిగింది మా కల్లంలో.
గడ్డంటే గడ్డే, పేరుకు.
నమిలితే గరుకు, మింగితే మన్ను,
కడుపులో పడినాక ఏమీ లేదు.
మా పడ్డదూడ పొద్దంతా నములుతానే ఉంటుంది,
దాని పక్కటెముకలు
దోవన పోయేవాళ్ళు కూడా లెక్కబెట్టొచ్చు.

పశువుల ఆస్పత్రి మస్తాన్‌వలి
బండి స్టాండు కూడా వేయకుండా చెప్పిపోయినాడు:
నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా,
యాభై లీటర్ల నీళ్ళు,
మీద గాలి చొరని పట్ట,
మూడు వారాలు ముట్టుకోవద్దు.
"ఆర్నెల్లు దాటిన దూడకే, వన్నూరక్కా.
పాలు మరవని దానికి వద్దు."

యూరియానా!
పోయినేడు ఓబులేసోళ్ళ ఎనుము
బకెట్లో మిగిలిన యూరియా నీళ్ళు తాగి
పొద్దు గూకకముందే పొట్ట ఉబ్బి
నాలుగు కాళ్ళూ చాపేసింది.
ఊరంతా చూసింది.
ఇప్పుడు ఆ ఉప్పునే
నా చేత్తో నా దూడ మేతలో కలపమంటాడే
ఈ పిల్లోడు.

మా ఆయనది ఒకటే సణుగుడు.
"ఆధార్ కార్డు చేతబట్టి ఎండలో నిలబడితే
దొరికిన మూట ఇది.
పైరుకే చాలక చస్తాంటే గడ్డికి పోస్తావా?"
పోస్తానన్నా.
పైరు వానను నమ్ముకోని ఉంది,
దూడ నన్ను నమ్ముకోని ఉంది.

పొర పరచడం, నీళ్ళు చల్లడం, కాళ్ళతో తొక్కడం.
మళ్ళీ పొర.
చెట్లకు నీళ్ళు పోసే డబ్బా
మా చిన్నది బళ్ళో అడిగి తెచ్చింది.
మిగిలిన నీళ్ళు గుంత తీసి పూడ్చినా.
బకెట్టు మూడుసార్లు కడిగినా.
పండుకోబోతా నాలుగోసారి.

గోడమీద బొగ్గుతో దినానికొక గీత.
మూడో గీతనాడు గాలి లేచింది.
బెళుగుప్ప గాలి,
గుట్టమీద గాలిమరల్ని తిప్పింది చాలక
నా పట్ట అంచు కింద వేలు పెట్టింది.
రాళ్ళు పెట్టినా, పాత టైరు పెట్టినా,
ఆఖరికి చాప తెచ్చుకోని నేనే ఆనుకోని పండుకున్నా.
లోపల ఏదో జరుగుతాంది.
ఉడకడం కాదు, కుళ్ళడం కాదు.
చెయ్యి పెడితే వెచ్చగుంది
ఈనబోయే ఎనుము పక్కలాగ.

మా అత్త మంచం మీంచి,
"గట్టిగడ్డిని మెత్తబరిచే నీళ్ళు కనిపెట్టినారు గదా,
నా జొన్నరొట్టె కూడా ఆ పట్ట కింద పెట్టు పాపా,
మూడు వారాలు ఓపికపడతాలే" అనింది.
ఉన్న రెండు పళ్ళతో నవ్వింది.

ఇరవై ఒకటో గీత.
ఒక మూల ఎత్తినా.
ముక్కు కన్నా ముందు కళ్ళు పోయినాయి.
ఆయన కళ్ళల్లో నీళ్ళు, నా కళ్ళల్లో నీళ్ళు.
శెనక్కాయ పంట మొత్తం ఎండిన ఏడు కూడా
ఇద్దరం ఒకేసారి ఏడ్చింది లేదు.
లోపల గడ్డి
నెయ్యి కాచినాక అడుగున మిగిలే గసి రంగు.

గంటసేపు గాలికి పరిచి
దోసెడు దూడ ముందర వేసినా.
వాసన చూసింది.
నన్ను చూసింది.
మొహం తిప్పుకుంది.

ఆ రాత్రి నాకు కూడు దిగలేదు.
మర్నాడు సగం పాతగడ్డి, సగం కొత్తది.
పాతది ఏరుకోని తినింది దొంగది.
మూడోనాడు పైన పిడికెడు శెనక్కట్టె చల్లితే
నాలుక చాపి, ఆగి,
మళ్ళీ చాపింది.
ఐదోనాడు తెల్లారి చూస్తే
గాడి నాకి పెట్టినట్టుంది,
తొట్టిలో నీళ్ళు సగానికి దిగినాయి.

నా దగ్గర ఒక పలుపుతాడు ఉంది.
అమాస అమాసకు
దూడ గుండె చుట్టూ తిప్పి ముడేసి పెడతా.
కిందటి అమాస ముడి
ఈ అమాసకు అందలేదు.
రెండు వేళ్ళ ఎడం.

రెండు వేళ్ళకే ఇంత సంబరమా అని నవ్వుతాడు ఆయన.
నవ్వుతానే
ఇంకో నూరు కిలోల గడ్డి తూకం వేస్తాండాడు.
యూరియా కొలిచేటప్పుడు మాత్రం
నన్నే పిలుస్తాడు.
ఓబులేసోళ్ళ ఎనుము తాడు
ఆఖర్న విప్పింది ఆయనే.